పార్టు కింద పార్టు: ఐడీఎంఎస్ నుంచి బిల్ ఆఫ్ మెటీరియల్స్ బయటికి తీస్తున్న డైరీ

మొదటి వారం, సోమవారం

పని ఇవాళ చేతికొచ్చింది. అమెరికాలో పంపులు తయారు చేసే కంపెనీ ఒకటి ఉంది, పేరు రాయను. వాళ్ల బిల్ ఆఫ్ మెటీరియల్స్ ఇప్పటికీ మెయిన్‌ఫ్రేమ్ అనే భారీ కంప్యూటర్ మీద, ఐడీఎంఎస్ అనే పాత నెట్‌వర్క్ డేటాబేస్‌లోనే ఉంది. ఏ పంపులో ఏ భాగాలున్నాయి, ఆ భాగాల్లో మళ్లీ ఏమేం ఉన్నాయి, ఒక్కొక్కటి ఎన్ని కావాలి అన్న లెక్క అంతా అందులోనే. దాన్ని పోస్ట్‌గ్రెస్ అనే టేబుళ్ల డేటాబేస్‌లోకి తేవాలి. ఉద్యోగుల పట్టిక, ఆర్డర్ల పట్టిక లాంటివి వేరే టీం చూసుకుంటోంది, అవి తేలిక. మాకు పడింది ఈ మెలిక ముక్క.

టీంలో నేను, కొత్తగా చేరిన ఒక అమ్మాయి, అప్పుడప్పుడు కాల్‌లోకి వచ్చే ఒక పెద్దాయన. వైటూకే రోజుల్లో అమీర్‌పేటలో కోబాల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని విమానమెక్కిన తరం ఆయనది.

"అన్నా, ఇది ఇంకా అమ్ముతున్నారా?" అని అడిగిందా అమ్మాయి. అమ్ముతున్నారు. టైర్ల కంపెనీ బి.ఎఫ్.గుడ్‌రిచ్‌లో పుట్టింది ఇది. 1973లో కల్లినేన్ కంపెనీ హక్కులు కొని అమ్మకం మొదలుపెట్టింది. 1989లో కంప్యూటర్ అసోసియేట్స్ చేతికి, 2018లో బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లింది. దీనికి మూలం 1960ల మొదట్లో జనరల్ ఎలక్ట్రిక్‌లో చార్లెస్ బాక్‌మన్ కట్టిన ఐడీఎస్ అనే డేటాబేస్. అది కూడా ఫ్యాక్టరీ లెక్కల అవసరంలోంచే వచ్చింది. కాబట్టి పార్టుల లెక్క ఈ డేటాబేస్‌కు కొత్తేమీ కాదు, సొంత ఊరి లాంటిదే.

మంగళవారం

స్కీమా, అంటే డేటాబేస్ అమరిక వివరం, చదివాను. చాలా రికార్డులున్నా మాకు కావలసినవి రెండే. ఒకటి పార్ట్ రికార్డు: పార్టు నంబరు, పేరు, కొలత యూనిట్. రెండోది స్ట్రక్చర్ రికార్డు: ఎన్ని కావాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చెల్లుతుంది. ఏ పార్టు కింద ఏ పార్టు ఉందన్నది మాత్రం స్ట్రక్చర్ రికార్డులో ఎక్కడా రాసి ఉండదు. పార్టు నంబరు ఫీల్డే లేదందులో. ఆ సంబంధమంతా పాయింటర్లలో, అంటే ఒక రికార్డు నుంచి ఇంకో రికార్డుకు దారి చూపే గుర్తుల్లో ఉంటుంది.

ఒక ఓనరు రికార్డును, దాని కింది మెంబరు రికార్డులను కలిపే గొలుసును సెట్ అంటారు. పార్ట్ నుంచి స్ట్రక్చర్‌కు రెండు సెట్లు. ఎక్స్‌ప్లోజన్ సెట్‌లో పై పార్టు ఓనరు, దాని కింద ఏమేం వస్తాయో చెప్పే స్ట్రక్చర్ రికార్డులు మెంబర్లు. ఇంప్లోజన్ సెట్‌లో కింది పార్టు ఓనరు, అది ఎక్కడెక్కడ వాడుతున్నారో చెప్పే అవే స్ట్రక్చర్ రికార్డులు మెంబర్లు. అంటే ప్రతి స్ట్రక్చర్ రికార్డుకూ ఇద్దరు ఓనర్లు, ఇద్దరూ పార్ట్ రకమే. ఈ రకం డేటాబేస్‌లకు నియమాలు రాసిన కోడాసిల్ కమిటీ 1971 రిపోర్టు ప్రకారం ఒకే రికార్డు రకం ఒకే సెట్‌కు ఓనరుగా, మెంబరుగా రెండూ ఉండకూడదు. ఆ నియమం లేకపోయినా మధ్యలో ఈ స్ట్రక్చర్ రికార్డు తప్పదు. ఒక బేరింగ్ ఎన్నో పంపుల్లో ఉంటుంది, ఒక పంపులో ఎన్నో బేరింగులుంటాయి. ఎన్ని కావాలన్న సంఖ్య రాయడానికి ఒక చోటు ఉండాలి కదా.

ఐడీఎంఎస్‌తో పాటు వచ్చే డెమో డేటాబేస్‌లోనూ ఇదే అమరిక ఉంది. అక్కడ ఎంప్లాయీ రికార్డు నుంచి మేనేజెస్, రిపోర్ట్స్ టు అని రెండు సెట్లు స్ట్రక్చర్ రికార్డుకు వెళ్తాయి. పార్టుల బదులు మనుషులు, అంతే తేడా. ఆ అమ్మాయిని ముందు దాని మీద ఆడుకోమన్నాను.

ఇంకో విషయం నోట్ చేసుకోవాలి. ఎక్స్‌ప్లోజన్ సెట్ ఆర్డర్ సార్టెడ్ కాదు, నెక్స్ట్. కొత్త మెంబరు ప్రోగ్రాము అప్పుడు నిలబడ్డ చోటు పక్కన చేరుతుంది. షాప్ ఫ్లోర్ మీద పంపు బిగించే వరుస ఈ గొలుసు వరుసే అని పెద్దాయన చెప్పారు. ఏ ఫీల్డులోనూ లేని సమాచారం ఇది.

బుధవారం

ఇవాళ రోజంతా పాత ఎక్స్‌ప్లోజన్ ప్రోగ్రాము చదవడంతోనే సరిపోయింది. కోబాల్. ఒక పంపు నంబరు ఇస్తే దాని కింద ఉన్నవన్నీ మెట్లు మెట్లుగా ప్రింటు చేస్తుంది. రాసినవాళ్లెవరో గానీ పనిమంతులు.

నెట్‌వర్క్ డేటాబేస్‌లో ప్రోగ్రాము తనంతట తాను రికార్డు నుంచి రికార్డుకు నడుస్తుంది. తానెక్కడుందో సిస్టమ్ గుర్తు పెట్టుకుంటుంది. ప్రతి రికార్డు రకానికీ, ప్రతి సెట్‌కూ, ప్రతి ఏరియాకూ (రికార్డులుండే డిస్కు భాగం) ఒక స్థానం, మొత్తం ప్రోగ్రాముకు ఒక స్థానం. దీన్నే కరెన్సీ అంటారు. పుస్తకంలో చదువుతున్న లైను మీద వేలు పెట్టుకున్నట్టు, ఒక్కో సెట్‌కు ఒక్క వేలు. మామూలు పనులకు అది చాలు. తిరిగి తనలోకే వచ్చే సెట్ దగ్గరే చిక్కు.

పంపు 100 కింద ఇంపెల్లర్ అసెంబ్లీ, షాఫ్ట్ అసెంబ్లీ, గాస్కెట్ ఉన్నాయనుకుందాం. పంపు దగ్గర నిలబడి ఎక్స్‌ప్లోజన్ సెట్‌లో 'ఆబ్టెయిన్ నెక్స్ట్' అంటాం, మొదటి స్ట్రక్చర్ రికార్డు వస్తుంది. అది ఏ పార్టుదో తెలియాలంటే ఇంప్లోజన్ సెట్‌లో 'ఆబ్టెయిన్ ఓనర్' అనాలి. ఇంపెల్లర్ అసెంబ్లీ వస్తుంది. ఆ క్షణంలోనే ఎక్స్‌ప్లోజన్ సెట్ స్థానం మారిపోతుంది. ఎందుకంటే ఇంపెల్లర్ కూడా పార్ట్ రికార్డే, తనకూ ఒక ఎక్స్‌ప్లోజన్ గొలుసు ఉంది, తాను దానికి ఓనరు. ఇప్పుడు మళ్లీ 'నెక్స్ట్' అంటే వచ్చేది షాఫ్ట్ కాదు, ఇంపెల్లర్ కింద ఉన్న మొదటి ముక్క. ఎర్రర్ రాదు. స్టేటస్ 0000, అంటే అంతా సవ్యమనే. డేటా తప్పు.

పాత ప్రోగ్రాము దీన్ని ఇలా దాటింది. కిందికి దిగే ముందు ఆ స్ట్రక్చర్ రికార్డు డీబీ కీని (డేటాబేస్‌లో దాని చిరునామా) 'యాక్సెప్ట్' కమాండుతో తీసి, ఒక ఆకర్స్ టేబుల్‌లో, అంటే ఇన్ని వరుసలని ముందే చెప్పిన పట్టికలో, స్టాక్‌లా ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. కింద పని అయ్యాక, గొలుసు అయిపోయిందని చెప్పే స్టేటస్ 0307 వచ్చాక, టేబుల్ పైనున్న డీబీ కీతో ఆ రికార్డును మళ్లీ 'ఫైండ్' చేస్తుంది. పాత గొలుసులో పాత చోటే మళ్లీ స్థిరపడుతుంది. అక్కడి నుంచి 'నెక్స్ట్'. డీబీ కీతో పాటు అప్పటిదాకా గుణిస్తూ వచ్చిన పరిమాణం కూడా అదే వరుసలో ఉంటుంది.

"పేరాగ్రాఫ్ తనను తానే పెర్ఫామ్ చేసుకోవచ్చు కదా అన్నా?" అని ఆ అమ్మాయి ప్రశ్న. అంటే ప్రోగ్రాములోని ఒక ముక్క తనను తానే మళ్లీ పిలుచుకోవడం. కోబాల్‌లో అది కుదరదు. తిరిగి ఎక్కడికి రావాలన్న చిరునామా ఒక్కటే ఉంటుంది, రెండోసారి పిలిస్తే మొదటిది చెరిగిపోతుంది. ప్రోగ్రాము మొత్తాన్ని రికర్సివ్ అని ప్రకటించే సౌకర్యం తర్వాత వచ్చింది. అయినా కరెన్సీ సమస్య దానితో తీరదు, అది కోబాల్‌ది కాదు. 1971 రిపోర్టులో కరెన్సీ మారకుండా ఆపే 'సప్రెస్' అనే మాట ఉంది గానీ, ఐడీఎంఎస్‌లో దానికి చోటు లేదు.

ఆ టేబుల్‌లో 20 వరుసలే ఉన్నాయి. 21వ మెట్టు వస్తే ప్రోగ్రాము చప్పుడు చేయకుండా వెనక్కి తిరుగుతుంది. పక్కన కామెంట్ కూడా లేదు. దీన్ని రాసి పెట్టుకున్నాను.

గురువారం

పెద్ద నిర్ణయం ఇవాళే తీసుకున్నాం. క్లయింటు వైపు మేనేజరు ఆలోచన ఏంటంటే, ఎక్స్‌ప్లోజన్ ప్రోగ్రాము ఎలాగూ ఉంది, అన్ని పంపులకూ దాన్ని నడిపి రిపోర్టు ఫైల్‌ను పోస్ట్‌గ్రెస్‌లోకి ఎక్కించేయండి. వినడానికి బాగుంది. నేను ఒప్పుకోలేదు.

ఒక కారణం, ఒకే బేరింగ్ సెట్ ఎన్నో పంపుల్లో ఉంటుంది. పైనుంచి దిగితే దాని కింద ఉన్నదంతా ప్రతి పంపు కిందా మళ్లీ మళ్లీ వస్తుంది. డేటాబేస్‌లో ఒక్కసారి ఉన్న స్ట్రక్చర్ రికార్డు ఫైల్‌లో వందల వరుసలవుతుంది. వాటిని మళ్లీ ఒకటిగా కుదించాలి, అప్పుడు ఏది నిజంగా రెండుసార్లు ఉన్నదో, ఏది నడకలో రెండుసార్లు వచ్చిందో తేలదు. ఇంకో కారణం మరీ ముఖ్యం. ఏ పంపు కిందకీ రాని పార్టులుంటాయి: తయారీ ఆపేసిన మోడళ్ల అసెంబ్లీలు, విడిగా అమ్మే రిపేరు కిట్లు. పై నుంచి మొదలుపెట్టే నడకకు ఇవి దొరకనే దొరకవు.

రికర్షన్, అంటే తిరిగి తనలోకే వచ్చే అమరిక, ఉన్న డేటాను తీయడానికి రికర్షన్ అక్కర్లేదు, నా వాదన అంతే. ప్రతి పార్టు దగ్గరా ఆగి, దాని కింద ఒక్క మెట్టు మాత్రం చూసి రాసుకుంటే చాలు. ఎవరి కింద ఎవరన్నది మొత్తం వచ్చేస్తుంది. మెట్లు మెట్లుగా దిగే పని పోస్ట్‌గ్రెస్ వైపు, డేటా చేరాక, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చేసుకోవచ్చు. పాత ఎక్స్‌ప్లోజన్ రిపోర్టు పనికిరాదని కాదు, అది సరిచూసుకోవడానికి ఉంటుంది.

పెద్దాయన కాల్‌లో విని, "మంచిదే. కానీ గొలుసు వరుస పోగొట్టుకోకండి" అన్నారు. ఆయన అన్నది నిజం. స్ట్రక్చర్ రికార్డులను నేరుగా ఏరియా వెంట తుడిచేసుకుంటూ పోతే వేగంగా వస్తాయి, కానీ ఏది ముందు ఏది వెనక అన్నది పోతుంది. టేబుల్‌కు సొంత వరుస అంటూ ఏమీ ఉండదు. అందుకని పార్టులను ఏరియా వెంట తీసి, ఒక్కో పార్టు ఎక్స్‌ప్లోజన్ గొలుసును మొదటి నుంచి చివరిదాకా నడిచి, 1, 2, 3 అని మేమే నంబరు వేస్తాం. కొంచెం నెమ్మదే. ఫర్వాలేదు.

శుక్రవారం

డేటాను బయటికి తీసే అన్‌లోడ్ ప్రోగ్రాము రాయడానికి కూర్చునే ముందు కరెన్సీ పట్టిక కాగితం మీద గీశాం. ఏ కమాండు తర్వాత ఏ స్థానం ఎక్కడికి జరుగుతుందో ఒక్కో వరుసలో. రెండు చోట్ల గీత అడ్డం తిరిగింది.

ఒకటి, కింది పార్టు నంబరు కోసం ఓనరును తెస్తే ఎక్స్‌ప్లోజన్ స్థానం పోతుంది. ఒక్క మెట్టు నడకలో కూడా బుధవారం నాటి చిక్కే. దీనికి స్టాక్ అక్కర్లేదు. ఇంప్లోజన్ సెట్‌కు ఓనర్ పాయింటర్ ఉంది, స్కీమాలో చూసుకున్నాను. అప్పుడు 'యాక్సెప్ట్' కమాండుకు ఓనర్ కరెన్సీ అని చెబితే, ఓనరు రికార్డును ముట్టుకోకుండా దాని డీబీ కీ మాత్రం ఇస్తుంది. ఏ స్థానమూ కదలదు, డిస్కు దాకా వెళ్లే పనీ తప్పుతుంది. కాబట్టి మా స్ట్రక్చర్ ఫైల్‌లో పార్టు నంబర్లు ఉండవు. పై పార్టు డీబీ కీ, కింది పార్టు డీబీ కీ, వరుస సంఖ్య, పరిమాణం, తేదీలు ఉంటాయి. పార్ట్ ఫైల్‌లో డీబీ కీ, పార్టు నంబరు. రెండూ కలిపేది అవతలి వైపు.

రెండోది ఏరియా స్థానం, ఇది ఇంకా మోసకారి. స్ట్రక్చర్ రికార్డులు ఎక్స్‌ప్లోజన్ సెట్ మీద వయా పద్ధతిలో (ఓనరుకు దగ్గరగా పెట్టడం), పార్టులున్న ఏరియాలోనే ఉన్నాయి. గొలుసు నడిచాక ఏరియా స్థానం చివరి స్ట్రక్చర్ రికార్డు మీద ఉంటుంది. అక్కడి నుంచి 'ఏరియాలో తర్వాతి పార్టు' అంటే మధ్యలో కొన్ని పార్టులు జారిపోతాయి. పేజీ నిండి స్ట్రక్చర్ రికార్డు ఏరియా మొదట్లోకి వెళ్లి పడి ఉంటే, వెనక్కి వెళ్లి అవే పార్టులను మళ్లీ తిరుగుతుంది, ఎప్పటికీ ముగియదు. అందుకే గొలుసులోకి దిగే ముందు పార్టు డీబీ కీ దాచుకుని, అయ్యాక దానితో 'ఫైండ్' చేసి, అప్పుడే తర్వాతి పార్టుకు పోవాలి. చిన్న టెస్టు డేటాబేస్‌లో ఈ తేడా కనపడకపోవచ్చు. కాగితం మీద మాత్రం కనపడుతుంది.

0307 గురించి ఒక మాట. ముందున్న 03 అంటే ఫైండ్ లేదా ఆబ్టెయిన్, వెనకున్న 07 అంటే అంతం. గొలుసు అయిపోయినా 0307, ఏరియా అయిపోయినా 0307. అందుకే రెండింటినీ వేర్వేరు పేరాగ్రాఫుల్లో చెక్ చేయించాం.

రెండో వారం, సోమవారం

ప్రోగ్రాము నడిచింది. లైవ్ సిస్టమ్ మీద కాదు. బ్యాకప్ నుంచి కాపీ తెచ్చుకుని, లోకల్ మోడ్‌లో, రిట్రీవల్ (చదవడం) మాత్రమే. రెండు ఫైళ్లూ ఒకే కాపీ నుంచి రావాలని గట్టిగా పట్టుబట్టాను. డీబీ కీ అంటే పేజీ నంబరు, పేజీలో లైను నంబరు కలిపిన చిరునామా. అన్‌లోడ్ చేసి రీలోడ్ చేస్తే చిరునామాలు మారిపోతాయి. ఒక ఫైలు ఈ వారం కాపీది, ఇంకోటి వచ్చే వారం కాపీది అయితే బోల్టు కింద పంపు వేలాడుతుంది.

ఈ డీబీ కీతోనే ఇవాళ ఇంకో పని పడింది. కోబాల్‌లో దాన్ని ఎస్9(8) కాంప్, అంటే ఎనిమిది అంకెల బైనరీ సంఖ్య, అని రాస్తారు. నాలుగు బైట్ల జాగా. మామూలు అమరికలో 24 బిట్లు పేజీకి, 8 బిట్లు లైనుకు. పేజీ నంబరు 3,90,625 చేరిందంటే విలువ 10 కోట్లు, అంటే తొమ్మిది అంకెలు. దాన్ని ఎనిమిది అంకెల డిస్‌ప్లే ఫీల్డులోకి మూవ్ చేస్తే ముందున్న అంకె రాలిపోతుంది, అబెండ్ (ప్రోగ్రాము మధ్యలో ఆగిపోవడం) కూడా అవదు. మా ఏరియా పేజీలు అంతకంటే పెద్ద నంబర్లతో ఉన్నాయి. అంకెల హద్దు లేని బైనరీ రకం కాంప్-5 గా రీడిఫైన్ చేసి పది అంకెల ఫీల్డులోకి రాశాం. పోస్ట్‌గ్రెస్‌లో కూడా మామూలు ఇంటీజర్ కాకుండా ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే బిగ్‌ఇంట్ పెట్టాం. పేజీ నంబర్లు ఇంకా పెద్దవైతే సైన్ బిట్ దాకా వచ్చేస్తుంది.

పరిమాణం ప్యాక్డ్ డెసిమల్, అంటే ఒక్కో బైటులో రెండేసి అంకెలు కుక్కిన రూపం. దాన్ని అలాగే పంపి ట్రాన్స్‌ఫర్‌లో మెయిన్‌ఫ్రేమ్ అక్షర కోడ్ ఎబ్‌సిడిక్ నుంచి ఆస్కీ కోడ్‌కు మార్పించుకుంటే అంకెలు ఖిచిడీ అవుతాయి. మెయిన్‌ఫ్రేమ్ మీదే డిస్‌ప్లేగా మార్చి, పాయింటును విడిగా రాసి పంపాం. మామూలు పనే, మళ్లీ చెప్పుకోవడం ఎందుకు.

మంగళవారం

ఎక్కించేటప్పుడు స్ట్రక్చర్ టేబుల్‌కు ప్రైమరీ కీ (ఒక్కో వరుసను విడిగా గుర్తించేది) ఏది అన్న చర్చ. క్లయింటు వైపు డిజైన్ డాక్యుమెంటులో పై పార్టు, కింది పార్టు కలిపి కీ అని ఉంది. కుదరదు. ఒకే అసెంబ్లీ కింద అదే బోల్టు రెండుసార్లు ఉంటుంది, బిగింపు వరుసలో ఒకసారి మొదట, ఒకసారి చివర. గొలుసులో అవి రెండు వేర్వేరు రికార్డులు, కొన్నిచోట్ల తేదీలు కూడా వేరు. పై పార్టు, వరుస సంఖ్య కలిపి కీ చేశాం. వాళ్ల డాక్యుమెంటు మార్చాలని మెయిల్ పెట్టాను. "డూప్లికేట్లు తీసేయొచ్చు కదా" అని జవాబు వచ్చింది. తీసేస్తే పంపులో నాలుగు బోల్టులు తక్కువవుతాయి అని రాశాను. దాంతో ఒప్పుకున్నారు.

గురువారం

పోస్ట్‌గ్రెస్‌లో 'విత్ రికర్సివ్', అంటే తన ఫలితం మీదే మళ్లీ మళ్లీ నడిచే క్వెరీ. ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోకి ఇది 1999లో వచ్చింది, పోస్ట్‌గ్రెస్‌లోకి 2009లో, 8.4 వెర్షన్‌తో. పాత ప్రోగ్రాము స్టాక్‌లో చేతితో మోసినదంతా ఇక్కడ కొన్ని లైన్లలో అయిపోతుంటే ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది. నాకూ బాగానే ఉంది, కాకపోతే కొన్ని విషయాలు చూసుకోవాలి.

'యూనియన్' వాడకూడదు, 'యూనియన్ ఆల్' వాడాలి. ఒకే పార్టు, ఒకే పరిమాణంతో, ఒకే లోతులో రెండు దారుల్లో వస్తే 'యూనియన్' రెండో వరుసను మింగేస్తుంది. ఇక్కడ ఆ రెండో వరుస నిజం.

వరుస కూడా అంతే. ఈ క్వెరీ మెట్టు మెట్టుగా, అడ్డంగా సాగుతుంది. ముందు మొదటి మెట్టంతా, తర్వాత రెండో మెట్టంతా. పాత రిపోర్టు నిలువుగా దిగుతుంది: ఇంపెల్లర్, దాని కింద ఉన్నవన్నీ, ఆ తర్వాతే షాఫ్ట్. అందుకని ప్రతి మెట్టులోనూ వరుస సంఖ్యను ఒక యారేలో (విలువల జాబితా) చేర్చుకుంటూ పోయి, చివర దాని ప్రకారం సార్ట్ చేశాం. 14వ వెర్షన్ నుంచి దీనికి 'సెర్చ్ డెప్త్ ఫస్ట్' అని సొంత సౌకర్యం ఉంది. మేం యారేతోనే ఉంచాం, దాన్ని చూసి ఎక్కడ తేడా ఉందో కనిపెట్టడం తేలిక.

శుక్రవారం

పోలిక. పాత ప్రోగ్రాము రిపోర్టు ఒక పక్క, మా క్వెరీ ఒక పక్క. పార్టులు, మెట్లు, వరుస అన్నీ సరిపోయాయి. పరిమాణాలు కొన్ని సరిపోలేదు, అన్నీ చివరి అంకెల్లోనే. బోల్టుల్లాంటి వాటికి తేడా లేదు. అంటించే పేస్టు, గ్రీజు లాంటి కిలోల లెక్కవాటికే ఉంది.

కారణం పాత ప్రోగ్రాములో దొరికింది. గుణించిన విలువను మూడు దశాంశాల ఫీల్డులో దాస్తోంది, రౌండెడ్ (దగ్గరి అంకెకు సర్దడం) అనలేదు. 0.375 కిలోల పేస్టులో కిలోకు 0.125 కిలోల రెసిన్ అంటే 0.046875 రావాలి, అది 0.046 అంటుంది. కింది మెట్టులో ఆ 0.046తోనే మళ్లీ గుణిస్తుంది. పోలిక కోసం మాత్రం మా క్వెరీలో ప్రతి మెట్టు దగ్గరా మూడు దశాంశాలకు కోసేశాం, వెంటనే అన్నీ కలిశాయి. కొత్త సిస్టమ్‌లో కోయకూడదని నా ఉద్దేశం, కానీ అది మేం తేల్చేది కాదు. స్టోర్స్ వాళ్లు ఇన్నేళ్లూ ఆ కోసిన లెక్కతోనే సరుకు తెప్పించుకుంటున్నారు. నిర్ణయం వాళ్లకు వదిలాం.

తర్వాత పంపులతో ఆగకుండా, ప్రతి పార్టునూ పైనున్నదిగా అనుకుని క్వెరీ నడిపాం. అది ఎంతకీ తిరిగి రాలేదు. ఆపి, చక్రాలను పట్టే 'సైకిల్' క్లాజు చేర్చి మళ్లీ నడిపితే దొరికింది: ఒక రీవర్క్ కిట్. కిట్ కింద పాత షాఫ్ట్ అసెంబ్లీ, ఆ అసెంబ్లీ కింద మళ్లీ అదే కిట్. ఎవరో రిపేరు దారిని తయారీ దారిలో కలిపేశారు. నెట్‌వర్క్ డేటాబేస్ దీన్ని ఆపదు, పాయింటర్లకు ముందుకు పోవడం తప్ప చక్రం అన్న ఆలోచన ఉండదు. పాత ప్రోగ్రాముకు ఈ కిట్ నంబరు ఇచ్చి చూశాం. 20 మెట్లు అవే రెండు పార్టులు మార్చి మార్చి ప్రింటు చేసి, ఏమీ ఎరగనట్టు ముగించింది. ఈ కిట్ ఏ పంపు కిందా లేదు కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ కనపడలేదు. పంపుల రిపోర్టునే ఎక్కించి ఉంటే మాకూ కనపడేది కాదు. మేనేజరుకు స్క్రీన్‌షాట్ పంపాను, మొదటి వారం గురువారం నాటి వాదన ఎందుకో ఇప్పుడు ఆయనకు చెప్పక్కర్లేదు.

మిగిలినవి

ఎక్కడ వాడుతున్నారన్న వైపు, అంటే ఇంప్లోజన్, ఇంకా పోల్చలేదు. దానికి గొలుసు వరుస అవసరమా అని షాప్ ఫ్లోర్ వాళ్లను అడగాలి. వద్దంటే పని సగం తగ్గుతుంది. చెల్లుబాటు తేదీల ఫిల్టరు పాత ప్రోగ్రాములో ప్రతి మెట్టులోనూ ఉంది, మా క్వెరీలో ఇప్పటికి పై మెట్టులోనే ఉంది, శుక్రవారం పోలికలో ఆ తేడా బయటపడలేదు గానీ సోమవారం ఆ అమ్మాయి మారుస్తానంది. పాత డీబీ కీ కాలమ్‌ను టేబుల్ నుంచి తీసేయమని క్లయింటు అడుగుతున్నారు. ఇంకో కాపీతో ఒకసారి మొత్తం నడిపి, అదే ఫలితం వచ్చేదాకా తీయనన్నాను. కొత్త కాపీ కోసం టికెట్ పెట్టాను.